ఎదురొచ్చిన సారె

కొవ్వూరు,
మార్చి నెల, బుధవారం

తబిత టీచరు గారికి,

"ఏదన్నా ఏడవాలనుంటే మా బడి అడ్రసుకి ఉత్తరం రాయరా, ఎర్రింకుతో తప్పులు దిద్ది పంపుతాను" అన్నావు కదా నిన్న ఫోన్లో. ఇదిగో రాస్తున్నాను, దిద్దుకో. టెన్త్ తప్పినోడి రాత ఎలా ఉంటుందో మీ పిల్లలక్కూడా చూపించు. నువ్వన్న మాటకి కాదు నాకు కాలింది. నువ్వనగానే వెనకాల బావ నవ్వాడు చూడు, దానికి. తమ్ముడితో మాట్లాడ్డానికి కూడా ఫోను స్పీకర్లో పెట్టాలా? టీవీ సౌండుతో సహా వినపడింది నాకు.

అసలు నేనేం అడిగానని? "అక్కా, ఆ ఫ్రి..." అన్నానంతే. మాట పూర్తి కాకుండానే మీద పడిపోయావు. ఉద్యోగం లేదన్నావు, ఊరి మీద తిరుగుతానన్నావు, ఏ పనిలోనూ నెల నిలవనన్నావు. దొరబాబు దగ్గర ప్లంబింగు పనికి సంక్రాంతి ముందు నుంచీ వెళ్తున్నాను. నీకు తెలుసు. తెలిసి కూడా అన్నావు.

ఫోన్లో అడగనివ్వలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. మొన్న మధ్యాహ్నం అమ్మా నేనూ అన్నం తింటుంటే బుల్లిరాజు వ్యాను మన గుమ్మం ముందు ఆగింది. దుప్పట్లు చుట్టి, తాళ్ళు కట్టి, నిలువెత్తున ఏదో ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"ఫ్రిజ్జండి. పిఠాపురంలో మీ అక్కగారు ఎక్కించారండి. తలుపుకే కుళాయంటండి, గ్లాసు పెట్టి నొక్కితే చల్లటి నీళ్ళు పడిపోతాయంట."

"మా బావగారేమన్నారు?"

"ఆయన క్యాంపుకెళ్ళారంటండి. మేడమ్ గారే మెట్ల మీద నిలబడి తొందరగా తొందరగా అని ఒకటే హడావిడండి బాబు. టీ నీళ్ళయినా పోయలేదు."

ఇంటికొచ్చినోడికి టీ పోయకుండా పంపేవా నువ్వు? అది నా మొదటి అనుమానం. ఇక రెండోది విను. గుమ్మంలో పట్టక తలుపు ఊడదీసి లోపలికి దించుతుంటే, కొంచెం వంచామో లేదో, అడుగు నుంచి నా కాళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. కొత్త ఫ్రిజ్జులో నీళ్ళెక్కణ్ణుంచి వచ్చాయి? వెనకాల సన్న పైపు చివర చూశాను. ఒకసారి బిగించి విప్పిన నొక్కు ఉంది. అంటే వాడేసింది. మీకు పాతబడితే మా కొంపలో పడేస్తారా?

అమ్మేమో బుగ్గ మీద చెయ్యి వేసుకుని "అల్లుడుగారిది ఎంత పెద్ద మనసో" అంటోంది. పేటంతా వచ్చి చూసి వెళ్ళింది. పుట్టింటి నుంచి అత్తారింటికి సారె వెళ్ళడం చూశాం గానీ, అత్తారింటి నుంచి పుట్టింటికి ఎదురొచ్చిన సారెని ఎక్కడన్నా చూశామా?

నీళ్ళ లైను కలపమని బుల్లిరాజుతో కబురు పెట్టావంట. నేను కలపను. గోడకి కన్నం పెట్టి పైపు బిగించేశాక అది ఇంటి వస్తువైపోతుంది. వస్తువు వాళ్ళది, గోడ మనది. ఆ తర్వాత ఏది ఎవరిదని తేల్చేదెవరు? క్రిస్మస్‌కి వచ్చినప్పుడు బావ మన ఇంటి ముందు రోడ్డు దాకా అడుగులేసి కొలవడం నేను చూడలేదనుకోకు.

రాజ్ కుమార్


పిఠాపురం,
సోమవారం

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం అందింది. తప్పులేమీ దిద్దలేదు. బాగానే రాశావు.

ఆ రోజు అలా మాట్లాడినందుకు ఏమీ అనుకోకు. ఇంట్లో పనిలో ఉన్నాను, చిరాకులో నోరు జారాను. ఇకమీదట ఫోన్లో మాత్రం ఫ్రిజ్ మాట ఎత్తకు. మీ బావ గారికి ఇచ్చింది చెప్పుకోవడం ఇష్టం ఉండదు. థాంక్స్ కూడా చెప్పకండి, మొహమాటపడతారు. ఏం రాయాలన్నా బడికే రాయి. ఇంటికి వచ్చిన ఉత్తరాలు కింద వాచ్‌మన్ ఎక్కడో పడేస్తాడు.

పాతదే. కాదనను. కానీ బాగా పనిచేస్తుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎండాకాలం మాటిమాటికీ వంగి కుండలో నీళ్ళు ముంచుకోలేదు. అందుకే పంపాను. బోరు లైను మీంచి ఇవ్వకు, కుళాయి లైను మీంచి ఇవ్వు. మధ్యలో ఫిల్టర్ పెట్టు. వంటింటి కిటికీ పక్కన అయితే పైపు కనపడదు.

ఎండలు ముదిరేలోపు కలిపెయ్యరా. కలిపాక ఒక ముక్క రాయి.

మధ్య గదిలో నా మంచం ఉందా, తీసేశారా? ఊరికే అడిగాను.

అక్క


కొవ్వూరు,
మట్టలాదివారం ముందు శనివారం

తబితక్కకి,

ఊరికే ఎవరూ మంచం గురించి అడగరు. మంచం ఉంది. దాని మీద నా బట్టలున్నాయి. ఎందుకు, దాన్నీ కొలవాలా?

బావకి చెప్పుకోవడం ఇష్టం ఉండదన్నావు. చదివి నవ్వొచ్చింది. మీ పెళ్ళప్పుడు మన గుడికి ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద మూడింటికీ పేరు రాయించుకున్న మనిషి! ప్రతి ఆదివారం ప్రసంగం వింటూ పైకి చూస్తే విజయ్ పాల్, విజయ్ పాల్, విజయ్ పాల్ అని తిరుగుతుంటాడు. అలాంటాయన ఇంత ఫ్రిజ్జిచ్చి పేరొద్దంటాడా? నమ్మడానికి నేను టెన్త్ ఒకసారే తప్పాను.

ఇంకోటి. నిన్న అమ్మ బెల్లం దాచుకోవడానికి కింద కూరగాయల డబ్బా లాగింది. (దాన్ని ఇంకా ఆన్ చెయ్యలేదులే. చీమలకి భయపడి బీరువాలా వాడుతోంది.) డబ్బాలో నీ పాత ఆకుపచ్చ చున్నీ, దాంట్లో చుట్టి కంచు గ్లాసు. నీ సారెలో అమ్మ పెట్టిన గ్లాసే. అంచు మీద నాన్న పేరు చెక్కించి ఉంది కదా, రాజరత్నం అని. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తుడిచింది. తర్వాత "గ్లాసొక్కటే వచ్చిందా?" అంది.

"ఇంకేం రావాలి?" అన్నాను.

"ఏం లేదులే" అని లోపలికెళ్ళిపోయింది.

మనం పెట్టిన సారె వెనక్కి పంపడమంటే ఏంటక్కా అర్థం? మీతో మాకు సంబంధం లేదు అనడమే కదా. మీ అత్తగారు పంపించిందా? ముఖం మీద అనలేక గ్లాసుతో అనిపించారా? పైగా దాని మీద ఫ్రిజ్జు కప్పి పంపారు, మాకు తెలీకుండా.

దొరబాబు వచ్చి చూశాడు. "కుళాయి లైను పక్కనే ఉంది కదరా, ఒక జాయింటు, ఒక వాల్వు, అరపూట పని. ఊళ్ళో అందరికీ బిగిస్తావు, నీ ఇంట్లో బిగించుకోడానికి నెప్పేంటి?" అన్నాడు. ఊళ్ళో వాళ్ళందరూ నాకు నిజం చెప్పి పని చేయించుకుంటారండి అన్నాను.

నువ్వు నిజం చెప్పు. బిగిస్తాను.

రాజు


పిఠాపురం,
మంగళవారం

రాజూ,

గ్లాసు పొరపాటున వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మని దాంట్లో తాగమను.

ఈ నెలాఖరుకి బళ్ళు మూసేస్తారు. తర్వాత ఈ అడ్రసుకి రాయకు. పేపర్లు దిద్దడంలో ఉన్నాను, ఎక్కువ రాయలేను.

చిన్నప్పుడు నువ్వు బడి ఎగ్గొట్టి గోదాట్లో ఈతకెళ్ళి తడిసొచ్చిన ప్రతిసారీ అమ్మకి చెప్పకుండా నీ చొక్కా పెరట్లో ఆరేసింది నేనే. ఎందుకురా అని ఒక్కసారైనా అడిగానా? నువ్వూ అడక్కుండా ఒక పని చెయ్యలేవా?

లైను కలిపావా లేదా? ఆ ఒక్క ముక్క రాయి.

అక్క


కొవ్వూరు,
ఈస్టరు సోమవారం

అక్కా,

కలపలేదు. కానీ అంతకంటే మంచి పని చేశాను. విను.

రోజులు గడుస్తున్న కొద్దీ నాకొకటే ఆలోచన. ఇవాళ ఫ్రిజ్జంటారు, రేపు మేం పెట్టిన సామానుంది కాబట్టి ఇంట్లో మాకూ భాగం ఉందంటారు. దీనికి విరుగుడేంటి? ఇచ్చింది ఇచ్చినట్టు పదిమందిలో చెప్పించెయ్యాలి. దేవుడి ముందు ఉచితంగా ఇచ్చిన కానుక అని చదివించేస్తే, రేపు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

అందుకని అమ్మకి కూడా చెప్పకుండా గుళ్ళో పాస్టరు అయ్యగారి చేతిలో కృతజ్ఞత కానుక కవరు పెట్టాను. కవరు మీద నేనే రాశాను. నిన్న ఈస్టరు ఆరాధనలో, గుడి కిటకిటలాడుతున్నప్పుడు, అయ్యగారు మైకులో చదివారు: "పిఠాపురంలో ఉన్న మన అల్లుడుగారు విజయ్ పాల్ గారు తమ అత్తగారు జ్ఞానమ్మ గారికి మంచినీళ్ళ కుళాయి గల ఫ్రిజ్జును ఏ ప్రతిఫలమూ ఆశించకుండా ఉచిత కానుకగా ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం." అందరూ స్తోత్రం అన్నారు. ఆ ఏ ప్రతిఫలమూ అన్న ముక్క నాదే.

స్త్రీల సమాజం వాళ్ళు అమ్మ చేతులు పట్టుకుని "ఇలాంటి అల్లుడు ఎవరికొస్తాడమ్మా" అని ఒకటే పొగడ్తలు. అమ్మ మాత్రం తలెత్తలేదు. ఆనందం పట్టలేకేమో.

పైగా ఇప్పుడు మన గుడి ఆరాధన యూట్యూబులో లైవ్ వస్తోంది. రికార్డు కూడా ఉంటుంది. చెరపలేరు.

ఇప్పుడు చెప్పమను మీ ఆయన్ని, ఫ్రిజ్జు ఎవరిదో.

రాజు


పిఠాపురం,
స్టాఫ్ రూము

రాజూ,

ఎర్రింకుతో రాస్తున్నందుకు ఏమనుకోకు. పేపర్లు దిద్దుతున్నట్టు కనపడాలి కాబట్టి ఈ పెన్నుతోనే రాయాలి.

ఈస్టరు రోజు మేం ముగ్గురం టీవీ ముందే ఉన్నాం. ఆయన, అత్తగారు, నేను. ఈ ఏడాది నన్ను గుడికి కూడా వెళ్ళనివ్వడం లేదు, లైవ్‌లో చూస్తే చాలంటారు. పండగ కదా, మా ఊరి ఆరాధన పెట్టండని నేనే బతిమాలాను. వెనక వరసలో నువ్వూ అమ్మా ఎక్కడన్నా కనపడతారేమోనని. కనపడ్డారు. నువ్వు నీలం చొక్కా వేసుకున్నావు. అయ్యగారు చదవడం మొదలెట్టగానే నువ్వు లేచి నిలబడ్డావు.

ఆయన రిమోట్ తీసి సౌండు పెంచారు.

"రిపేరుకని సామర్లకోట పంపిన ఫ్రిజ్జు కొవ్వూరు గుళ్ళోకి ఎలా వెళ్ళిందే?" అన్నారు అత్తగారు. ఆయన లేచి వెళ్ళి తలుపు గడియ వేసొచ్చి, మళ్ళీ కూర్చుని, ఆరాధన అయ్యేదాకా చూశారు. ఆఖర్న ఆమెన్ కూడా అన్నారు.

ఇప్పుడు చెప్తాను. ముందే చెప్పాల్సింది. చెప్తే నువ్వు ఆ పూటే బండేసుకుని వచ్చేసి వీధిలో నిలబడి అరుస్తావని భయపడ్డాను.

ఆ ఫ్రిజ్ ఆయన ఇచ్చింది కాదురా. నా జీతంతో నేను కొనుక్కున్నది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోడానికి అదీ, నాన్న పేరున్న గ్లాసూ, అంతే. నేను వచ్చేద్దామనుకున్నాను. సంచీతో అయితే ఏ బస్సెక్కయినా రాగలను కాబట్టి బరువైనది ముందు పంపాను. ఆయన క్యాంపు నుంచి వచ్చాక కంప్రెసర్ పోయిందని చెప్పాను. నమ్మారు. ఆయనకి నీళ్ళు గ్లాసులో చేతికి అందాలి. ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకి అక్కర్లేదు.

నువ్వు ఫోను చేసిన రోజు ఆయన పక్కనే కూర్చుని వింటున్నారు. ఎవరు ఫోను చేసినా స్పీకర్లోనే మాట్లాడాలి. రాత్రి మెసేజిలన్నీ ఆయన చూశాకే ఫోను నాకిస్తారు. నువ్వు ఫ్రి అన్నావు. నిన్ను తిట్టకపోతే మాట ఆగదు. బడికి ఉత్తరం రాయి అని చెప్పడానికి అంతకంటే దారి దొరకలేదు. ఆయన నవ్వారు కాబట్టి బతికాను.

కొట్టరు. అందుకే ఎవరికీ చెప్పలేకపోయాను. ఏం చేస్తారని అడిగితే ఏం చెప్పను? ఆదివారం ఆయన బయటికెళ్తే బయట తాళం వేసి వెళ్తారని చెప్పనా? దొంగల భయం అంటారు. లోపల మనిషిని పెట్టి తాళం వేసేది దొంగల భయమేనా?

ఈస్టరు నుంచి బడికి ఆయనే దింపి ఆయనే తీసుకెళ్తున్నారు. ఫోను ఆయన జేబులోనే ఉంటోంది. మొన్న రాత్రి "సెలవులు రానీ, అన్నీ మాట్లాడుకుందాం" అన్నారు. మామూలుగానే అన్నారు.

శనివారం బడికి ఆఖరి రోజు. పిల్లలకి ప్రోగ్రెస్ కార్డులిచ్చి మధ్యాహ్నం అన్నాల వేళకే వదిలేస్తారు. ఆ సంగతి ఆయనకి తెలీదు. ఎప్పటిలాగే సాయంత్రం వస్తారు. ఆ మధ్యలో నేను గేటు దాటాలి. దాటకపోతే సెలవులన్నాళ్ళూ ఆ తాళం లోపలే.

గేటు దాటడానికి నాకు భయం లేదు. నీ గుమ్మమే నాకు భయం. పైపు బిగిస్తే ఇంటి వస్తువైపోతుందని రాశావు చూడు, నేనూ అదే అనుకున్నాను. అందుకే అన్నిసార్లు అడిగాను. నా ఫ్రిజ్జుకే చోటివ్వనివాడు నాకిస్తాడా అని, ప్రతి ఉత్తరం విప్పేటప్పుడూ ముందు ఆ ముక్క కోసమే వెతికాను.

జవాబు పోస్టులో వెయ్యకు, అందేలోపు బడి మూసేస్తారు. బుల్లిరాజు ఇటు లోడుకి వస్తే వాడి చేతికిచ్చి పంపు. ఒక్క ముక్క చాలు. కలిపావా, లేదా.

తబిత


కొవ్వూరు,
శనివారం, పొద్దున్నే

అక్కా,

కలిపాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. విప్పితే మొత్తం ఎర్రగా ఉంది, ముందు తప్పులు దిద్ది పంపావేమో అనుకుని కోపం వచ్చింది. ఒకసారి చదివి నమ్మలేదు. ఇది కూడా బావ దగ్గరుండి రాయించాడేమో అనుకున్నాను. నా బుద్ధి అలా తగలడింది. రెండోసారి నీలం చొక్కా దగ్గర ఆగిపోయాను.

అమ్మకి చదివి వినిపించాను. "గ్లాసు చూసినప్పుడే అనుకున్నానురా. ఆడపిల్ల సారె గ్లాసు ఊరికే పుట్టింటికి రాదు" అంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదరా. చెప్పకపోతేనే మైకులో చదివించావు."

సంచీ తీసుకుని దొరబాబు దగ్గర వాల్వూ జాయింటూ తెచ్చుకున్నాను. కుళాయి లైను మీంచే ఇచ్చాను, బోరు మీంచి కాదు. ఫిల్టరు పెట్టాను. కిటికీ పక్కన గోడకి కన్నం పెడుతుంటే అమ్మ సుద్దపొడి పడకుండా పాత పేపరు పట్టుకుని నిలబడింది. అన్నీ బిగించి జాయింట్ల కింద పొడి పేపరు పరిచాను, చుక్క పడితే తెలుస్తుందని. పడలేదు. అయినా నమ్మకం లేక మళ్ళీ మళ్ళీ చూశాను.

తలుపు కుళాయి నొక్కితే ముందు గాలి. బుస్సుమంది. తర్వాత ఉమ్మినట్టు ఇన్ని నీళ్ళు. ప్లాస్టిక్ వాసన. బకెట్టు నిండేదాకా పారబోశాను. తర్వాత తేటగా వచ్చాయి. చల్లబడ్డాక అమ్మ కంచు గ్లాసులో పట్టింది. తాగుతుందనుకున్నాను. తాగలేదు. గ్లాసు మీద మూత పెట్టి లోపల పెట్టేసింది. "అది ఇవాళ్టికి కాదు" అంది.

మంచం మీంచి నా బట్టలు తీసేశాను. ఆ రోజు ఊడదీసిన తలుపు ఇంకా గోడకే ఆనించి ఉంది. బిగించరా అంటోంది అమ్మ. అక్క లోపలికొచ్చాక బిగిస్తానన్నాను. బావ వస్తాడు, నాకు తెలుసు. అయ్యగార్ని వెంటేసుకుని మర్యాదగానే వస్తాడు. ఉచిత కానుక అని రికార్డు ఉందిగా, ఆయన పేరుతోనే. ఫ్రిజ్జు సంగతి ఎత్తనివ్వను. నీ సంగతి అసలే ఎత్తనివ్వను.

ఈ ఉత్తరం బుల్లిరాజు చేతికిద్దామని రాయడం మొదలెట్టాను. వాడు అరటి గెలలు దింపడానికి సామర్లకోట దాకా వెళ్తున్నాడు, పిఠాపురం ఎంతసేపండి అంటున్నాడు. "ఇలా ఇచ్చేయండి, బళ్ళో మేడమ్ గారికి ఇచ్చేస్తాను" అని చెయ్యి చాపాడు. వాడి మొహం చూశాను. దారిలో టీ కొట్టు దగ్గర ఎవడి చేతన్నా చదివించుకుంటాడేమో. గేటు దగ్గర బావకే ఇచ్చేస్తాడేమో. వద్దక్కా, నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. వాడి వ్యానులో నేనే వస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ముందు సీటు నీకు ఖాళీగా ఉంచమన్నాను. నేను వెనకాల కూర్చుంటాను. గేటు బయట నీలం చొక్కాతో నిలబడతాను, అరవను, ఒట్టు.

హారను కొడుతున్నాడు. వెళ్ళాలి.